అమ్మ పడలేదు

మా అమ్మది మాంసం కొట్టు. మొద్దు మీద ఆమె కత్తి దించితే తుంటి ఎముకైనా ఒక్క వేటుకి రెండయ్యేది. అలాంటి మనిషి ఇంటికొచ్చి మా నాన్న చేతిలో తన్నులు తినేది. ఎందుకని నన్నడగకండి, తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అరవై దాటాక ఆమెకి మతిమరుపు మొదలైంది. కార్జం అడిగినవాళ్ళకి ఎముకలు కట్టిచ్చేది. ఇక నాన్నకి దొంగచేతికి తాళాలిచ్చినట్టయింది. ఎవరూ లేనప్పుడు కొట్టడం, ఆమె తేరుకోగానే నువ్వే పడ్డావు, గుర్తులేదా అనడం. ఆమె నమ్మేది. చిట్లిన పెదవితో కొట్టు దగ్గరికి వచ్చి, స్నానాల గదిలో పడ్డానటే అని నాకే చెప్పేది. నాన్నని నిలదీస్తే, దానికి మతిలేదు సరే, నీకూ పోయిందా అనేవాడు. అమ్మ నోటితో చెబితే తప్ప ఎవరూ నమ్మరు. ఆ నోరు కాస్తా ఆయన పక్షాన మాట్లాడుతోంది.

డాక్టరమ్మ మందులతో పాటు వ్యాయామం గట్టిగా చెప్పింది. ఒంట్లో రక్తం బాగా ఆడితే మెదడుకీ మంచిదట. పోయింది తిరిగి రాకపోవచ్చు, ఉన్నది మాత్రం కొన్నాళ్ళు నిలబడచ్చట. కొట్టు వెనక వీధిలో బాక్సింగ్ నేర్పే ఆవిడుంది, అందరూ గుద్దుల టీచరంటారు. అమ్మని ఆమెకి అప్పగించాను. ఆమె పద్ధతే వేరు. మెత్తటి గ్లౌజుతో తనే ముందు ఒకటి తగిలిస్తుంది. ఏ చేత్తో, ఎక్కడ తగిలిందో పైకి చెప్పాకే తిరిగి కొట్టాలి. మొదట్లో అమ్మ బిక్కమొహం వేసి, నేనే గుద్దుకున్నానేమో అనేది. టీచరు విసుక్కోకుండా మళ్ళీ తగిలించేది. ఎండలు ముదిరేసరికి అమ్మ చెమటలు కక్కుతూనే సరిగ్గా చెప్పసాగింది. కొట్టులో పొట్లాలు తారుమారవడమూ తగ్గింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో పక్కగదిలో ధబ్బుమని చప్పుడైతే పరిగెత్తాను. అమ్మ గోడవారన కూలబడి ఉంది, నోటినిండా రక్తం. నాన్న చెయ్యి దులుపుకుంటూ ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు, మీ అమ్మ మళ్ళీ పడిందని.

అమ్మ ఊడిన పన్ను ఉమ్మేసి లేచింది.

"నేను పడలేదు. మీరు కొట్టారు. కుడిచేత్తో, ఇక్కడ."

ఆ తరవాత తిరిగి కొట్టింది. ఆయన ముక్కు విరిగిన చప్పుడు నాకు వినపడింది. కిందపడ్డవాణ్ణి కాలరు పట్టి లేపి మరీ కొట్టింది. నాకు జాలి కలగలేదు. ఇక చచ్చిపోతాడేమోనని, అమ్మ జైలుపాలవుతుందేమోనని మాత్రమే అడ్డం పడ్డాను.

ఆయనిప్పుడు మా మేనత్త ఇంట్లో ఉంటున్నాడు. అమ్మ రోజూ టీచరు దగ్గరికి వెళ్తుంది, అయినా ఆ జబ్బు మొండిది, దాని పని అది చేసుకుపోతోంది. నిన్న నన్ను చూసి మా పిన్ని అనుకుంది. ఎప్పుడొచ్చావు చెల్లీ అని అడిగింది. ఇప్పుడే వచ్చానక్కా అన్నాను. అంతలో నాన్న తన బట్టలకని వచ్చి గుమ్మంలో దగ్గాడు. అమ్మ నన్ను గభాలున తన వెనక్కి లాగి, గడ్డం దించి, పిడికిళ్ళెత్తి నిలబడింది.

"లోపలికి పో చెల్లీ. మీ బావ కొడతాడు," అంది.