మా పెరటిది కాని తోటకూర

మా ముత్తాత సుబ్బరాజుగారు ముక్తేశ్వరం దగ్గర మా ఊరికి మునసబు. ఆయన తర్వాత మా తాత జగన్నాథరాజుగారు. శిస్తు కట్టడానికి వచ్చినవాళ్లు మా వీధి వసారాలో, ఆరు టేకు స్తంభాల నీడన, పిలిచేదాకా నిలబడేవారు. నా చేతికి వచ్చేసరికి ఇల్లు, పెరడు, దాని వెనక మూతపడ్డ రైస్‌మిల్లు మిగిలాయి. మిల్లు అమ్మితే పరువు తక్కువని, పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లకు లీజుకిచ్చాను. "అమ్మలేదు" అని నలుగురిలో చెప్పుకునేవాణ్ణి.

ఒక ఉదయం నా భార్య సీతామహాలక్ష్మి కాఫీ గ్లాసు అందిస్తూ జారవిడిచింది.

"చెయ్యి పట్టు తప్పిందండీ. నోట్లో ఇత్తడి చెంచా పెట్టుకున్నట్టుంది" అంది.

ఆ వారమే కడుపునొప్పి మెలిపెట్టింది. అమలాపురంలో గ్యాస్ అన్నారు. ఎండోస్కోపీ, స్కానింగ్ నార్మల్. హీమోగ్లోబిన్ మాత్రం పడిపోతూనే ఉంది. చివరికి కాకినాడలో ఒక డాక్టరమ్మ ఆమె చిగుళ్ల మీది నీలిగీత చూసి ఆగారు. ఆమెను రక్తపరీక్షకు పంపి నన్నడిగారు.

"మీ ఇంటి దగ్గర బ్యాటరీల పనేమైనా జరుగుతోందాండీ?"

"లేదండి" అన్నాను. లీజు కాగితం మీద మా ఇంటిపేరుంది.

బ్లడ్ లెడ్ లెవెల్, అంటే రక్తంలో సీసం, ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు వచ్చింది.

"తిండిలోంచి వస్తుండొచ్చు. ఇంట్లో వండే బియ్యం, నీళ్లు, ఆకుకూర తెండి. టెస్టింగ్‌కి పంపిద్దాం. ఎక్కడ కోశారో కవరు మీద రాయండి" అన్నారు.

బియ్యం, నీళ్లు ఇంటివే పట్టుకెళ్లాను. తోటకూర మాత్రం అంబాజీపేట బజారులో కొని తెచ్చి, కవరు మీద "మా పెరడు" అని రాశాను. మునసబుగారి పెరట్లో విషం పండిందని ల్యాబులో ఎవరో చదవడం నాకు ఇష్టం లేకపోయింది. రిపోర్టులో అన్నీ లిమిట్ లోపే ఉన్నాయి.

చీలేషన్ మందుతో ఆసుపత్రిలో లెవెల్ దిగింది. ఇంటికొచ్చిన రెండు నెలలకు మళ్లీ ఎక్కింది. నాకు ఆకుకూర సహించదు. ఆమెకు అది లేనిదే ముద్ద దిగదు. మానమంటే కారణం చెప్పాలి. చెప్పలేదు.

"మందు ఒంట్లోని సీసాన్ని బయటికి తీస్తోందండీ. మళ్లీ ఎక్కడినుంచో లోపలికి వెళుతోంది" అన్నారు డాక్టరమ్మ. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

శనివారం పెరటి కూర కోసి పనివాళ్ల ఇళ్లకు పంచడం మా తాతగారి నాటి ఆనవాయితీ. ఇవ్వడానికి మరేమీ లేని రోజుల్లోనూ అది మానలేదు. ఏళ్లతరబడి మా ఇంట్లో పనిచేస్తున్న సత్యవతి ఆ శనివారం కట్ట అందుకుని నిలబడింది.

"అమ్మగారి నొప్పే నాకూ పట్టుకున్నట్టుందండి. ఆయ్, పెద్దింటి కూర తిన్నాను కదండీ, పెద్దింటి జబ్బే వచ్చింది" అని నవ్వింది.

నా భార్య నవ్వలేదు. సత్యవతి వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

"మీరు టెస్టింగ్‌కి పట్టుకెళ్లింది ఎర్ర తోటకూర. సంచిలో నేనే సర్దేను కదండీ. మన పెరట్లో ఎర్రది ఎప్పుడు వేశాం?"

నేను లేచి పెరటి తలుపు మూశాను.

"మనది కూడా విడిగా ఇచ్చేరనుకున్నాను. ఇచ్చేరా?"

తల వంచుకున్నాను. అంతవరకు ఆమె ముందు నేను తల వంచింది లేదు.

సోమవారం మా పెరటి తోటకూర కోసి, నా భార్యనూ సత్యవతినీ వెంటబెట్టుకుని కాకినాడ వెళ్లాను. ఇద్దరు ఆడవాళ్ల ఎదుటా డాక్టరమ్మకు నిజం చెప్పాను. ఆవిడ తిట్టలేదు. కాగితం నా ముందుకు జరిపి, "ఇంకా ఎవరెవరికి పంచేరో పేర్లు రాయండి" అన్నారు. ఏడు ఇళ్లు రాశాను. మా ఆకులో లెడ్ లిమిట్‌ను ఎంతో మించి ఉంది, కాడ్మియం అనే మరో విషలోహం కూడా ఉంది. సత్యవతి రక్తంలోనూ లెడ్ తేలింది. ఏడు గుమ్మాలూ ఎక్కి నేనే చెప్పాను.

ఫిర్యాదు నేనే ఇచ్చి మిల్లులోని సీసం షెడ్డు మూయించాను. పెరట్లో ఇప్పుడేమీ పండించం. నా భార్య లెవెల్ దిగుతోంది కాని, కంచం ఎత్తేటప్పుడు కుడిచెయ్యి ఇంకా వణుకుతుంది. సత్యవతి మా పని మానేసింది. దారిలో ఎదురైతే "బాగున్నారాండీ" అంటుంది, ఆగదు.

మీ దగ్గర్లో ఇలాంటి షెడ్డు ఉంటే, మీరు రోజూ తినే మడిలోంచే కోసి, అది ఎక్కడిదో ఉన్నదున్నట్టు రాసి ఇవ్వండి. మెషీను మీరు ఇచ్చిన ఆకునే కొలుస్తుంది.

ఆ ఏడు ఇళ్లవాళ్ల వైద్యం కోసం మా వీధి వసారా టేకు స్తంభాలు ఆరూ అమ్మేశాను.