మామ్మగారి విటమిన్ సీసా

మొన్న ఫ్రిస్కోలో మందుల షాపుకి వెళ్తే, మా పదేళ్ల అమ్మాయి ఎలుగుబంటి ఆకారంలో ఉండే, నమిలే విటమిన్లట, ఓ సీసా తెచ్చి కార్ట్‌లో పడేసింది. అలవాటు కొద్దీ సీసా తిప్పి, చీమ తలకాయలంత అక్షరాలు చదవడం మొదలుపెట్టాను. "అమ్మా, ప్లీజ్! ఇట్స్ జస్ట్ విటమిన్స్. అందరూ చూస్తున్నారు" అంది. చూస్తే చూశారు. నాకీ విద్య నేర్పినావిడ ఒక్కో సీసాకీ పావుగంట నిలబడేది, ఎవర్నీ లెక్కచేసేది కాదు.

అవి మేం జెర్సీ సిటీలో ఉన్న రోజులు. ఈ పిల్ల ఇంకా కడుపులోనే ఉంది. మావారు పొద్దున్నే ట్రైన్ పట్టుకుని ఆఫీస్‌కి వెళ్లిపోతే ఇంట్లో నేనూ, నా వేవిళ్లూ మిగిలేవాళ్లం. పక్క ఫ్లాట్‌లో ఒక యూదుల మామ్మగారు ఒంటరిగా ఉండేది. వయసు ఎనభై దాటినా నోటికి మాత్రం పాతికేళ్లే. ఆచారంలో మా అమ్మమ్మకి ఏమాత్రం తీసిపోదు. పాలకి వేరే గిన్నెలు, మాంసానికి వేరే గిన్నెలు. ఏం కొన్నా దాని మీద కోషర్ గుర్తు, అంటే తమ శాస్త్రానికి ఒప్పిన తిండేనని వాళ్ల పెద్దలు వేయించే గుర్తు, ఉండి తీరాలి. మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది కాదు, అవైనా కాగితం కప్పులోనే. నాకేం కోపం రాలేదు. మా అమ్మమ్మయితే ఆ నీళ్లు కూడా తాగదు.

డాక్టరు ఆవిడని విటమిన్లు వేసుకోమన్నాడు. వాటికీ గుర్తు కావాలా అని మామ్మగారు వాళ్ల రబ్బీగారికి ఫోన్ చేసింది. ధర్మసందేహాలు తీర్చే పెద్దమనిషి ఆయన. "జబ్బుతో మింగే మాత్రయితే అది మందు, గుర్తు లేకపోయినా ఫరవాలేదు. ఒంట్లో బాగానే ఉండి వేసుకుంటే తిండి కిందే లెక్క, గుర్తు చూసుకోవాలి. ఇంతకీ మీకు జబ్బా?" అన్నాడట. "నాకా? జబ్బా?" అని ఠక్కున ఫోన్ పెట్టేసిందట. నాలుగడుగులు వేస్తే ఆయాసం, నెలకి రెండుసార్లు గుండె డాక్టరు దగ్గరికి తోడు వెళ్లేదాన్ని నేనే. అయినా జబ్బని ఒప్పుకోదు. దాంతో గుర్తున్న సీసా కోసం ఆవిడ చేతికర్ర, నా పొట్ట వేసుకుని ఇద్దరం షాపులన్నీ గాలించాం.

ఆ తిరుగుళ్లలో నేనో తీర్మానానికి వచ్చేశాను. ఇంత మడిగలావిడకి పనికొచ్చేది మాలాంటి శాకాహారులకి పనికిరాకుండా పోతుందా అని. ఒకరోజు కడుపుతో ఉన్నవాళ్లు వేసుకునే విటమిన్ల సీసా, గుర్తున్నదే, ధీమాగా బుట్టలో వేశాను. మామ్మగారు తీసి చదివి, నా చేతిమీద ఒక్కటిచ్చింది. "ఇందులో చేప జెలటిన్ ఉంది. నేను తినొచ్చు, నువ్వు తినకూడదు. నా గుర్తు నమ్ముకుని నీ నియమం పోగొట్టుకుంటావా? చదువు!"

పాపకి మూడో నెల వచ్చాక ఒక ఉదయం, షాపుకి వెళ్తూ ఏమైనా కావాలా అని ఆవిడ తలుపు తట్టి లోపలికెళ్లాను. మామ్మగారు కుర్చీలోంచి లేవలేదు. విటమిన్లు అయిపోయాయంది. గుర్తున్నది దగ్గర షాపులో లేకపోతే ఇంకో షాపులో చూస్తానన్నాను.

"వద్దు. చంటిదాన్నేసుకుని ఎక్కడ తిరుగుతావు? ఏది దొరికితే అది తెచ్చెయ్. గుర్తు చూడక్కర్లేదు" అంది.

రబ్బీగారి లెక్కన గుర్తు అక్కర్లేనిది జబ్బు మనిషికే.

చంటిదాన్ని స్ట్రోలర్‌లో వేసుకుని ఆ రోజు మూడు షాపులు తిరిగాను. మూడోదాంట్లో దొరికింది. సీసా చేతిలో పెడితే మామ్మగారు తిప్పి గుర్తు వెతుక్కుని చూసుకుంది. "అయితే నేను బాగానే ఉన్నానంటావ్?" అంది.

"బాగానే ఉన్నారు" అని అబద్ధమాడాను. ఆవిడ నవ్వింది.

మామ్మగారు పోయేనాటికి ఆ సీసా సగమైనా అవలేదు. దాని మీద ఇంకా రెండేళ్ల గడువుంది. సీసాల మీద వేసినట్టు మనుషుల మీద గడువు తేదీ వేయకపోవడమే నయం, అది కనబడుతుంటే నేనా మాట అనగలిగేదాన్ని కాదు.