పాట ఇంకా గోడల మీదుంది

మా చర్చి పాటల మాస్టారు అనగానే నాకు గుర్తొచ్చేది ఆయన ఎత్తి పట్టిన అరచెయ్యి. పాట అయిపోయినా, దాని మారుమోత ఆగేదాకా చెయ్యి దించేవారు కాదు. "ఆగుండ్రి, పాట ఇంకా గోడల మీదుంది," అనేవారు.

అవి వందల ఏళ్ల కిందటి ఇటలీ పాటలు. వాయిద్యాలుండవు, నాలుగు గొంతులు ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఎవరూ పాడక మరుగునపడ్డ ఆ పాటల్ని మాకు నేర్పి, శాలిబండలోని మా చర్చిలో రికార్డు చేయించారు. మంద్రంలో పాడే పెద్దాయనకు మర్నాడే గొంతు ఆపరేషన్, కాబట్టి రికార్డింగ్ ఆ రోజే ముగించాలి. ఫ్యాన్లు బంద్ చేసి, చెమటలో తడుస్తూ పాడాం. ప్రతిసారీ చివర్లో గేటు బయట షేర్ ఆటో అతని కేక: "చాంద్రాయణగుట్ట! చాంద్రాయణగుట్ట!"

నేను కొట్లాటకు లేచాను. మాస్టారు నన్ను ఆపి, అతన్నే లోపలికి పిలుచుకొచ్చారు. "జర కూసొని విను భాయ్."

మాస్టారి చేతినే చూస్తూ అతను పాటంతా విన్నాడు. "మస్తుగుంది సార్. గిప్పటిదాంక లొల్లి చేసింది నేనా? ఇగ ఫికర్ చెయ్యకుండ్రి," అని బయటికి పోయాడు.

మళ్లీ పాడుతూ కిటికీ అద్దంలోంచి చూశాను. వచ్చే ఆటోలకు అడ్డంగా, అరచెయ్యి ఎత్తి నిలబడ్డాడతను. పాట అయిపోయింది. మాస్టారు చెయ్యి దించారు. అతను మాత్రం ఇంకా దించలేదు.