ఒక్కరికే సరిపోయే మంచం

వడ్రంగి తన భార్య కోసం చేసిన మంచానికి వంక పెట్టడానికి లేదు. మోకాళ్లు పెద్దగా వంచకుండా కూర్చునేంత ఎత్తు పెట్టాడు. ఎక్కడా గుచ్చుకోకుండా మూలలన్నీ నున్నగా చిత్రిక పట్టాడు. ఒంట్లోని రక్షణ శక్తే ఎదురు తిరిగి కీళ్లను తినేసే జబ్బు ఆమెది.

"అదృష్టమంటే నీదే వదినా! మా ఆయన నాకో పీటైనా చేసిచ్చిన పాపాన పోలేదు," అని పక్కింటావిడ నవ్వి వెళ్లింది.

వడ్రంగి భార్య మాత్రం మంచం వెడల్పు చూసింది. అది ఒక్కరికే సరిపోతుంది. కిందటి చలికాలంలో అతను దగ్గరకు తీసుకున్నప్పుడు తుంటి పట్టేసి ఆమె కేక పెట్టింది. అప్పటినుంచి అతను జడ వేస్తాడు, జాకెట్టు హుక్కులు పెడతాడు. అంతకు మించి అతని చెయ్యి ముందుకు రాదు. ఈ సంగతి డాక్టరుకు చెప్పబోయి రెండుసార్లు నోరు పెగలక తిరిగొచ్చింది.

"నచ్చలేదా?" అన్నాడు అతను, గుడ్డతో మంచం పట్టె తుడుస్తూ.

"బాగుంది. మరి మీరెక్కడ పడుకుంటారు?"

"ముందు గదిలో. నా చెయ్యి తగిలి నీకు నొప్పి పుట్టకూడదుగా."

"నొప్పి ఎలాగూ ఉంటుందండీ. మీరు పక్కన లేకపోతే అదొక్కటే ఉంటుంది. నాకింకా మీరు కావాలి. కర్ర వాటం చూసి చిత్రిక పడతారు కదా, నా వాటం కూడా అడగండి. ఎటు తిరిగితే నొప్పి తక్కువో నేను చెప్తాను."

అతను తల దించుకున్నాడు. "ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉందే. నాకు భయం."

గుడ్డ తీసుకుని లేవబోయాడు. ఆమె వంకరపోయిన వేళ్లతో అతని చొక్కా పట్టుకుంది. పట్టు నిలవలేదు. వేళ్లు జారిపోతుంటే రెండో చెయ్యి కూడా వేసింది.