వెర్నా మాత్రలు

అమెరికాలోని టల్సాలో స్కూలు బస్సు నడిపే వెర్నా, పొట్ట తగ్గించే ఆపరేషన్ తర్వాత సగానికి సగం చిక్కింది. మనసు మాత్రం ఒకచోట నిలవడం మానేసింది. డాక్టరు ఏకాగ్రత లోపమని మాత్రలు రాశాడు. అవి ఇచ్చే చురుకు కోసం ఆమె రోజుకొకటి చాలక రెండూ మూడూ మింగసాగింది. ఆకలితోపాటు సంతోషం, బాధ కూడా పోయాయి.

ఒక ఉదయం పిల్లలు ఎదురుచూస్తున్న స్టాపు దాటి బస్సు పోనిచ్చేసింది. వెనక పిల్లల అరుపులు వినపడలేదు. ఆ రోజే బస్సు తాళాలు తిరిగి ఇచ్చేసి ఉద్యోగం మానేసింది.

చెల్లెలు మేవిస్ మాత్రల సీసా తీసుకుంది.

"రోజూ నేనే వచ్చి ఇస్తా. డాక్టరు చెప్పినట్టు తగ్గిద్దాం. ఏడుపొస్తే ఏడువు, వెర్నా."

"రావట్లేదే."

"పోనీ సూప్ తాగు. హ్యాంగరుకి గౌను తగిలించినట్టున్నావు."

వెర్నాకు నవ్వు రాలేదు. రుచి తెలియకపోయినా చెంచా అందుకుంది.