అంగారకుడి మట్టి, అవ్వ ఘటం

పొద్దున ఫోను తెరిస్తే అంగారకుడి మీద దిగిన యంత్రం పంపిన కొత్త ఫొటో: ఎర్రటి నేల, పిడికిలంత రాళ్లు, కనుచూపు మేర గడ్డిపరక లేదు. లోకమంతా అబ్బురపడుతుంటే నాకది కొత్తగా అనిపించలేదు. అచ్చం బోథ్ ఊరి దగ్గరి మా చెల్క, ఆ వానాధారపు ఎర్రనేల చేనులాగే ఉంది.

నా చిన్నప్పుడు అంగారకుడి మీద దిగి పనిచేసిన తొలి యంత్రం కబురు మా ఇంటికి మిర్చి బజ్జీల పొట్లంగా వచ్చింది. వానలు మొఖం చాటేసిన ఏడు, మక్కకంకులు కాల్చుకు తినాల్సిన రోజుల్లో పలచటి అంబలి తాగి, దుమ్ములో తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నాం. బాపు నూనె మరకల కాగితం విప్పి చదివాడు: ఆ యంత్రం చేయి చాచి మట్టి తీసి, తడిపి, అందులో ప్రాణం ఉందేమో చూస్తుందట.

“గింతేనా? గది నేను ఏటా జేస్తనే ఉన్న గద,” అంది అవ్వ. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం.

నిజమే. మరాఠీ సరిహద్దు వాళ్లం కనుక దసరా ముందు ఘటం పెట్టేవాళ్లం. మోదుగాకుల విస్తరిలో చేని మట్టి పోసి, నడుమ నీళ్ల కుండ నిలిపి, చుట్టూ గోధుమలు చల్లి రోజూ తడిపితే, ఊదుపొగ, గుగ్గిళ్ల వాసన మధ్య లేత మొలకలు లేచేవి. అవి ఎంత ఎత్తు లేస్తే పంట అంత బాగుంటుందని నమ్మకం. ఆ ఏడు వానకాలం పంట ఎండిపోయి, గాదెలాంటి గుమ్మిలో తిండికి దాచిన జొన్నలే మిగిలాయి. తినాలా, విత్తాలా అన్నది ఘటమే చెప్పాలన్నాడు బాపు.

మొలకలు జానెడు లేచాయి. అంగారకుడి మట్టిలోనూ ఏదో కదలిక కనిపించిందని హోటల్ రేడియోలో విని వచ్చి బాపు, “గాడనే పాణముంటె మన మట్టికేమైంది?” అన్నాడు. దసరానాడు మొలకలు తలకు చుట్టిన రుమాలులో దోపుకుని, మరునాడు గుమ్మి ఊడ్చి విత్తాడు.

గోధుమగింజ తడి తగిలితే పాతగుడ్డ మీదైనా మొలుస్తుంది. మేం చూసింది చెల్క సత్తువ కాదు, అవ్వ పోసిన చెంబెడు నీళ్లు. చేనులో ఒక్క గింజ లేవలేదు. అంగారకుడి మీది కదలిక కూడా ప్రాణం కాదని, మట్టి గుణమేనని తర్వాత చాలామంది శాస్త్రవేత్తలు అన్నారట. వాళ్లు ఇంకో యంత్రం పంపుకున్నారు. మాకు ఇంకో గుమ్మి లేదు.

బాపు కూలికి దుబాయి పోయాడు, పెట్టెలో తిరిగొచ్చాడు. ఆ దసరాకు ఘటం పెట్టవా అని అవ్వను అడిగాను.

“మట్టినడుగుడు బందువెట్టిన బిడ్డా. అది జెప్పింది ఇన్నందుకే గద మీ బాపు పోయిండు.”

ఇప్పుడు అవ్వ లేదు. మా వాడలో ఘటం పెట్టేవాళ్లూ లేరు. రోడ్ల కోసం చెల్కలోని మొరమంతా తవ్వుకుపోయారు. మొన్న పోయి, గుర్తుగా దోసెడు మట్టి తెచ్చుకుందామని గుంటలోకి దిగాను. అడుగున బండ తప్ప ఏమీ దొరకలేదు.