రాజన్న సంతకం

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. ఫార్మసీ చదివినదాన్ని, ఏ మందు ఏం చేస్తుందో తెలిసినదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

మాది తుని. బహ్రెయిన్‌లో ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని ఒక చిన్న మందుల షాపులో ఆరేళ్లుగా ఫార్మసిస్టుని. బీమా కార్డు మీద మందు ఇవ్వాలంటే డాక్టరు చీటీ కంప్యూటర్లో పంపాలి. బీమా వాళ్ల తరఫున దాన్ని చూసి సరేననో కాదనో చెప్పేది మధ్యలో ఇంకో కంపెనీ. అక్కడి ఆడిటర్లకు చీటీయే తప్ప మనిషి కనపడడు.

రాజన్నది జగిత్యాల వైపు. యాభై దాటాయి. సిత్రాలోని కూలీల క్యాంపులో ఉంటూ కూలిపని చేసేవాడు. ఫిట్స్‌కు ప్రతి నెలా నా దగ్గరే మాత్రలు తీసుకునేవాడు. ఆ నెల డాక్టరు రోజుకు రెండు మాత్రలు కాస్తా మూడు చేశాడు. అందుకే ముందే అయిపోయాయి. ఆడిటర్ మాత్రం పాతవి ఇంకా మిగిలుండాలి, పది రోజులు ఆగమని తిప్పి పంపాడు. డాక్టరు ఉత్తరం జత చేసినా అదే జవాబు. అనుమతి లేకుండా ఆ మందు డబ్బుకైనా సరే ఇస్తే నా లైసెన్సు పోతుంది.

గురువారం మూడోసారి వచ్చాడు.

"ఇయ్యాల్నన్న అచ్చిందా బిడ్డా?"

"రాలేదు బాబాయ్. శుక్ర, శనివారాలు వాళ్లకు సెలవు. ఆదివారం మళ్లీ అడుగుతాను."

"రేపటికి ఒక్క గోలీనే ఉన్నది." గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారం పొద్దున పదకొండింటికి వచ్చాడు. కంప్యూటర్లో అనుమతి వచ్చినట్టు కనిపించింది. ప్రాణం లేచొచ్చి పెట్టె అందించాను. ఎప్పటిలాగే రిజిస్టరులో తెలుగులో సంతకం చేశాడు. "ఇగ నిన్ను సతాయియ్య బిడ్డా" అని వెళ్లిపోయాడు.

రెండింటికి అతని గదిలో ఉండే సత్తయ్య వచ్చాడు. పోలీసు కాగితాలకు రాజన్న వాడే మందుల పేర్లు కావాలన్నాడు.

"అన్న తెల్లారకముందే ఫిట్సచ్చి బాత్రూంల పడ్డడు మేడం. పానం పోయింది."

"పదకొండింటికి ఇక్కడికి వచ్చాడు కదా!"

సత్తయ్య నా మొహంలోకి చూశాడు. "ఎట్లస్తడు మేడం? ఎనిమిదింటికే మార్చురిల పెట్టచ్చినం."

కంప్యూటర్ తెరిచి చూశాను. అనుమతి రాలేదని ఉంది. అసలు ఎప్పుడూ రాలేదు. రిజిస్టరులో సంతకం ఉంది. బీరువాలో ఒక పెట్టె తక్కువుంది.

మందు ఆపినందువల్లే మనిషి పోయాడని రాజన్న భార్య తరఫున సత్తయ్య ఆ మధ్య కంపెనీ మీద ఫిర్యాదు పెట్టాడు. విచారణకు ఆ కంపెనీ ఆడిటరే షాపుకి వచ్చి ఆరు నెలల సంతకాలు పక్కపక్కన పెట్టి చూశాడు. అన్నీ ఒక చేతివేనన్నాడు. రిజిస్టరులో తేదీయే ఉంటుంది, గంట ఉండదు. చనిపోయిన రోజు రోగికి మందు అందింది అని రాసుకున్నాడు. ఫిర్యాదు ఖలాస్.

"మీ మీద పైన ఫిర్యాదు చేస్తాను, మీ లైసెన్సు నంబరు చెప్పండి" అన్నాను.

"మాకు లైసెన్సు అక్కర్లేదు మేడం."

లైసెన్సులిచ్చే ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి అడిగితే అక్కడా అదే చెప్పారు. షాపులకు, ఫార్మసిస్టులకు లైసెన్సులున్నాయట. ఇలాంటి కంపెనీలకు ఇంకా ఆలోచిస్తున్నారట. లేని లైసెన్సును ఎవరు రద్దు చేస్తారు? అనుమతి లేని మందు ఇచ్చానని నాది మాత్రం ఆరు నెలలు ఆపేశారు.

తర్వాత రాజన్న భార్య ఫోన్ చేసింది. "మందు ముట్టిందని రాసి పంపిండ్రు. ముట్టినంక గూడ ఎట్ల పోయిండు బిడ్డా?"

ఫోన్ పెట్టేశాక షాపుకి వెళ్లి రిజిస్టరు తీసి ఆ సంతకాన్ని మళ్లీ చూశాను.

ఆ సంతకం ఎవరు చేశారో నాకిప్పటికీ తెలియదు. రాజన్నే చేసి ఉంటే, తనకు మందు దక్కలేదనడానికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ, రిజిస్టరులోని ఆ ఖాళీ గడిని, తనే ఎందుకు చెరిపేసుకున్నాడో అంతకన్నా తెలియదు.